ముగ్గురి షెడ్డుకు చట్టంలో చోటేది?

తెలంగాణ కార్మిక, ఉపాధి, శిక్షణ శాఖ మంత్రి, చెన్నూరు శాసనసభ్యులు
డాక్టర్ గడ్డం వివేక్ వెంకటస్వామి గారికి



చెన్నూరు ఓటర్లు 2023లో గెలిపించుకున్నది ఒక ఎమ్మెల్యేను. 2025 జూన్ 8న ఆ ఎమ్మెల్యే మంత్రిగా ప్రమాణం చేశారు. కార్మిక, ఉపాధి, శిక్షణ, ఫ్యాక్టరీల శాఖలతో పాటు గనుల శాఖా ఆయన చేతికే వచ్చింది. దాంతో ఈ నియోజకవర్గపు కష్టసుఖాలన్నీ ఒకే బల్ల మీదికి చేరినట్టయింది. బొగ్గు బాయి మీద కాంట్రాక్టు పని చేసేవాడు, ఐటీఐ సర్టిఫికెట్టు సంచిలో పెట్టుకుని తిరిగేవాడు, ట్రాక్టరు షెడ్డులో డీజిలుతో సామాన్లు కడిగేవాడు, ముగ్గురి బతుకూ మీ శాఖల పనితో ముడిపడిందే. మీ తండ్రి కాకా వెంకటస్వామి గారు కూడా కేంద్రంలో కార్మిక శాఖ చూసినవారు. కాబట్టి ఈ లేఖలోని సంగతి మీ ఇంటికి కొత్తది కాదు. పని నేర్పే యజమానికి సర్కారు ఇచ్చే సాయం ఎవరి గడప దాకా వస్తోంది, ఎవరి గడప తొక్కడం లేదు అన్నదే ఆ సంగతి.

చెన్నూరులో పని ఎక్కడ నేర్చుకుంటారో ముందు చూడాలి. గోదావరి దిక్కు మార్చుకుని ఉత్తరానికి పారే ఊరిది. 63వ నంబరు జాతీయ రహదారి ఊరి మీదుగానే ప్రాణహిత వైపు పోతుంది. ఇలాంటి ఊళ్లలో రోడ్డు పక్కన రేకుల కింద నడిచే షెడ్లే అసలు శిక్షణ కేంద్రాలు. ట్రాక్టరు రిపేరు, వెల్డింగు, బోరు మోటార్ల వైండింగు, బైకు మెకానిక్కు. ప్రతిచోటా ఒక ఉస్తాదు, అతని చేతి కింద ఒకరో ఇద్దరో పిల్లలు. బోర్డు మీద శిక్షణ అన్న మాట ఉండదు. హాజరు పట్టీ ఉండదు. ‘పద్నాలుగు నంబరు పానా అందుకో’ అనేదే పాఠం.

వైండింగు దుకాణం సంగతే తీసుకోండి. యాసంగిలో మోటార్లు కాలడం మొదలైతే ఉస్తాదుకు తలెత్తే తీరిక ఉండదు. కాలిన మోటారు విప్పి, పాత కాయిలు కోసి, ఒక్కో కాయిలుకు ఎన్ని చుట్లు ఉన్నాయో లెక్కపెట్టాలి. తీగ ఎంత గేజో కొలవాలి. ఆ లెక్కను నోటుబుక్కులో రాసుకోవడం పిల్లగాడి మొదటి పని. తర్వాత గాళ్లలో కాగితం పెట్టడం, కొత్త తీగ చుట్టడం, వార్నిషు పోసి ఆరబెట్టడం. చుట్ల లెక్క తప్పితే మోటారు బిగించిన కొద్ది రోజులకే మళ్లీ కాలుతుంది. పాడైన రాగి ఖర్చు ఉస్తాదుదే, రైతు తిట్లూ ఉస్తాదుకే. రెండు మూడేళ్లు ఈ నష్టం భరించి నేర్పితే, చేయి తిరిగిన పిల్లగాడు ఏం చేస్తాడు? రోడ్డుకు ఆవలి పక్క సొంత దుకాణం పెడతాడు. అది అతని హక్కు, ఊరికీ మంచిదే. ఉస్తాదుకు మాత్రం మిగిలేది ఒక పోటీదారు. అందుకే చాలామంది ఉస్తాదులు అంతా నేర్పరు. ఒక కిటుకు దాచుకుంటారు. అది వాళ్ల స్వార్థం అనుకోనక్కర్లేదు. నేర్పడానికి అయ్యే ఖర్చు ఒకడిది, దాని ఫలం మరొకడిది అయినప్పుడు ఎవరైనా చేసేది అదే.

ఈ లెక్క తెలిసే చాలా దేశాల్లో ప్రభుత్వాలు మధ్యలోకి వచ్చి, నేర్పే ఖర్చులో కొంత భరిస్తాయి. మీకిది వేరే చెప్పాల్సిన పని లేదు. మీరు చదివింది వైద్యం. హౌస్ సర్జన్‌గా ఏడాది చేయనిదే ఎంబీబీఎస్ చదివినవారికి పూర్తి రిజిస్ట్రేషన్ రాదు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ ఏడాదికి స్టైపెండు సర్కారే ఇస్తుంది, దాన్ని ఎవరూ సబ్సిడీ అని వేలెత్తి చూపరు. చేతి పని చేతితోనే నేర్చుకోవాలన్న సూత్రం ఆపరేషన్ థియేటరుకు ఒప్పినప్పుడు వెల్డింగు షెడ్డుకు ఒప్పకపోవడానికి కారణం కనబడదు.

మన దేశంలో ఈ సూత్రానికి చట్టం ఉంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం. 2014లో దాన్ని సడలించారు, 2019లో నిబంధనలు మార్చారు. ఇప్పటి లెక్క ఇది: 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం మేర అప్రెంటిసులను తప్పనిసరిగా తీసుకోవాలి. ఆ సిబ్బంది లెక్కలో కాంట్రాక్టు కార్మికులూ వస్తారు. 4 నుంచి 29 మంది దాకా ఉన్నచోట తీసుకోవడం వాళ్ల ఇష్టం. నలుగురి కంటే తక్కువైతే? చట్టం ఆ గడప దగ్గరే ఆగిపోతుంది.

ఈ చట్టానికి సొమ్ము తోడైంది 2016 ఆగస్టు 19న. జాతీయ అప్రెంటిస్ ప్రోత్సాహక పథకం పేరుతో కేంద్రం 10,000 కోట్లు ప్రకటించి, 2019-20 నాటికి 50 లక్షల మందిని తయారు చేస్తామంది. గడువు వచ్చింది, పోయింది. లక్ష్యం దరిదాపులకు కూడా చేరలేదు. పథకం మాత్రం నడుస్తోంది. 2019 నిబంధనల ప్రకారం కనీస స్టైపెండు 5,000 నుంచి 9,000 రూపాయల మధ్య ఉంటుంది. రెండేళ్ల ఐటీఐ చేసిన ఫిట్టరుకు, ఎలక్ట్రీషియనుకు నెలకు 8,050. అందులో పాతిక శాతం, 1,500కు మించకుండా, కేంద్రం భరిస్తుంది. ఈ వాటా మునుపు యజమానికి తిరిగి వచ్చేది. 2023 ఆగస్టు నుంచి నేరుగా అప్రెంటిస్ ఖాతాలో పడుతోంది. మిగిలిన 6,550 యజమాని జేబులోంచే పోవాలి. పెద్ద ఫ్యాక్టరీకి ఇది లెక్కలోకి రాని ఖర్చు. ముగ్గురి షెడ్డుకు ఇది నెల కరెంటు బిల్లు కంటే పెద్దది. 2025 మే నెలలో కేంద్ర అప్రెంటిస్ మండలి ఈ స్టైపెండును 6,800 నుంచి 12,300 దాకా పెంచాలని సిఫారసు చేసింది. పిల్లలకు అది న్యాయమే. కానీ సర్కారు వాటా అక్కడే ఉండి స్టైపెండు మాత్రం పెరిగితే, చిన్న యజమాని ఇంకో అడుగు వెనక్కి వేస్తాడు.

ఇక కొత్త పథకాలు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం మొదలైంది. నెలకు 5,000 రూపాయలు, ఏడాది పాటు. అందులో 4,500 సర్కారువి, 500 కంపెనీవి. కానీ అది దేశంలోని 500 అగ్రశ్రేణి కంపెనీల కోసం. మొదటి విడతలో 82,000కు పైగా అవకాశాలు ఇవ్వజూపితే, చివరికి చేరినవారు 8,700 చిల్లర. ఊరికి దూరం కావడం ఒక ముఖ్య కారణమని ప్రభుత్వమే చెప్పింది. చెన్నూరు నుంచి మంచిర్యాలకే దాదాపు 40 కిలోమీటర్లు. హైదరాబాదులో గది అద్దె, మెస్సు బిల్లు కట్టి 5,000తో ఎవరు బతకగలరు? ఇంటి నుంచి తెప్పించుకుని ఇంటర్న్‌షిప్ చేయాల్సి వస్తే, ఆ సబ్సిడీ ఇస్తున్నది సర్కారు కాదు, కోటపల్లిలో పత్తి పండించే తండ్రి.

2025 ఆగస్టు 1న మరొకటి వచ్చింది, ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన. దీనికి పెట్టుకున్న సొమ్ము 99,446 కోట్లు. కొత్తగా ఉద్యోగమిచ్చే యజమానికి మనిషికి నెలకు 3,000 దాకా, రెండేళ్ల పాటు. తయారీ రంగమైతే నాలుగేళ్ల పాటు. మొదటిసారి ఉద్యోగంలో చేరినవారికి ఒక నెల జీతం, 15,000కు మించకుండా, రెండు విడతల్లో. వినడానికి బాగుంది. అయితే దారి భవిష్యనిధి సంస్థ మీదుగా వేశారు. పీఎఫ్ చట్టం తప్పనిసరిగా వర్తించేది 20 మంది ఉన్నచోట. పైగా 50 మంది లోపు సంస్థ అయితే కనీసం ఇద్దరిని అదనంగా తీసుకోవాలి. ఉన్న ఇద్దరికే నెలాఖరున జీతం సర్దలేని ఉస్తాదు ఇంకో ఇద్దరిని ఎక్కడి నుంచి తెస్తాడు?

పాత చట్టం, ఇంటర్న్‌షిప్, రోజ్‌గార్ యోజన. మూడింటి గుమ్మాలూ ఎత్తే. చెన్నూరు షెడ్డు పొట్టిది.

ఢిల్లీ సంగతి సరే, ఇంటి సంగతీ చూద్దాం. తెలంగాణ వచ్చిన కొత్తలో 2014లో తెచ్చిన టీ-ఐడియా పారిశ్రామిక రాయితీల్లో ఒక చిన్న అంశం ఉంది. స్థానికులకు నైపుణ్యం నేర్పితే ఆ ఖర్చులో సగం ప్రభుత్వం తిరిగి ఇస్తుంది, మనిషికి 2,000 రూపాయలకు మించకుండా. ఒక వైండింగు దుకాణంలో రెండు మోటార్లు పాడుచేస్తే ఆ 2,000 అయిపోతాయి. పెట్టుబడి రాయితీ, కరెంటు రాయితీ, భూమి రాయితీల పక్కన ఈ అంశం పెళ్లి భోజనంలో ఊరగాయలా మిగిలిపోయింది. దీన్ని వాడుకున్నది ఎవరు, ఎంతమంది అన్న జాబితా మీ శాఖ, పరిశ్రమల శాఖ కలిసి బయటపెడితే జిల్లాల్లో చదివేవాళ్లు చాలామందే ఉంటారు.

ఉస్తాదుకు సొమ్ము ఇవ్వడం ఎన్నడూ జరగలేదని అధికారులు అనవచ్చు. జరిగింది. 1979 ఆగస్టు 15న మొదలైన ట్రైసెమ్ పథకంలో గ్రామీణ యువతకు స్టైపెండుతో పాటు, పని నేర్పే చేతివృత్తి నిపుణుడికీ గౌరవ వేతనం ఉండేది. ముడిసరుకు ఖర్చుకూ కొంత ఇచ్చేవారు. ఇరవై ఏళ్లు నడిచి 1999లో అది మరో పథకంలో కలిసిపోయింది. దాని లోపం కూడా దాచనక్కర్లేదు. స్టైపెండు వచ్చినన్నాళ్లు వచ్చి, అది ఆగగానే పని వదిలేసినవారు ఎక్కువ. నెలలు లెక్కపెట్టి డబ్బిచ్చారు గాని, పని వచ్చిందా లేదా అని చూసి ఇవ్వలేదు. ఆలోచన మంచిదే, కొలబద్ద తప్పు.

సింగరేణి మాట రాకుండా చెన్నూరు లేఖ పూర్తి కాదు. 1990ల మొదట్లో లక్షకు పైబడిన ఉద్యోగులు ఇప్పుడు 40,000కు అటూ ఇటూగా ఉన్నారు. బొగ్గు తగ్గలేదు, మనుషులే తగ్గారు. మందమర్రి, రామకృష్ణాపూర్ కాలనీల్లో ఒకప్పుడు ‘బాయిల కొలువు’ అంటే తండ్రి తర్వాత కొడుకుకు వచ్చే వారసత్వం. ఇప్పుడు ఆ కొడుకు ఐటీఐ పాసై, ఆన్‌లైనులో పేరు నమోదు చేసుకుని, కాగితాలు పట్టుకుని సింగరేణి వృత్తి శిక్షణ కేంద్రం (ఎంవీటీసీ) దగ్గర వరసలో నిలబడి, పాసైన ఏడాది సీనియారిటీ ప్రకారం అప్రెంటిస్‌షిప్ కోసం ఎదురుచూస్తున్నాడు. దొరికితే ఏడాది పాటు నెలకు 7,700 లేదా 8,050. ఏడాది తిరిగాక చేతికి జాతీయ అప్రెంటిస్ సర్టిఫికెట్టు. కొలువు మాత్రం కాదు. అప్రెంటిసుకు ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టంలో లేదు. యజమాని తన నియామక విధానం తాను రాసుకోవాలని మాత్రమే ఉంది. ఇతర అర్హతలన్నీ సమానమైనప్పుడు శిక్షణ పొందిన అప్రెంటిసుకు ప్రాధాన్యం ఇవ్వాలని 1995లో సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ కేసులో చెప్పింది. ముప్పై ఏళ్లు గడిచినా ఆ మాట మన పరిశ్రమల్లో ఎంతమంది చెవిన పడింది?

ఇంకో మడత కూడా ఉంది. చట్టం ప్రకారం అప్రెంటిస్ శిక్షణలో ఉన్నవాడు, కార్మికుడు కాడు. పీఎఫ్ లేదు, బోనసు లేదు. అదే పనిలో కాంట్రాక్టు కార్మికుణ్ణి పెట్టుకుంటే ఖర్చు ఎక్కువ. కాబట్టి ఏటా ఒక బ్యాచిని తెచ్చుకుని, చీపురు పట్టించో, లోడింగు చేయించో, ఏడాది కాగానే సాగనంపి కొత్త బ్యాచిని తెచ్చుకునే యజమానికి సర్కారు సాయం చవక కూలీగా మారుతుంది. పని నేర్పే షెడ్డుకు పైసా అందదు, పని చేయించుకునే గేటుకు నెలకు 1,500 భారం తగ్గుతుంది. ఈ పథకాన్ని తిట్టాలనుకునేవారికి ఇంతకంటే మంచి సాకు దొరకదు. దాన్ని సరిదిద్దాలనుకునేవారు కూడా ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

పరాయి దేశాల అనుభవం రెండు ముక్కల్లో. బ్రిటన్ 2017 ఏప్రిల్లో పెద్ద కంపెనీల మీద ఒక సుంకం వేసింది. జీతాల బిల్లు 30 లక్షల పౌండ్లు దాటితే, దాటిన దాని మీద అర శాతం. ఆ డబ్బును శిక్షణకే వాడుకోవాలి, రెండేళ్లలో వాడకపోతే పోయేది. పోగొట్టుకోవడం ఎందుకని చాలా కంపెనీలు అప్పటికే ఉద్యోగం చేస్తున్న మేనేజర్లను పెద్ద చదువులకు పంపాయి. బడి ముగించిన పిల్లలకు అవకాశాలు పెరగకపోగా తగ్గాయి. జర్మనీ దారి వేరు. అక్కడ 1969 నాటి చట్టం కింద మూడు, మూడున్నరేళ్ల శిక్షణ. వారంలో ఒకటి రెండు రోజులు బడి, మిగిలిన రోజులు వర్క్‌షాపు. ఖర్చులో ఎక్కువ భాగం యజమానే పెట్టుకుంటాడు. చిన్న వర్క్‌షాపులు కూడా పిల్లలను తీసుకుంటాయి. అక్కడి కీలకం డబ్బు కాదు, పరీక్ష. వ్యాపారుల, చేతివృత్తుల మండలి పరీక్ష పెట్టి పట్టా ఇస్తుంది. ఆ పట్టాకు దేశమంతా విలువ ఉంటుంది. చెన్నూరు జర్మనీ కాదన్నది నిజమే. కానీ చెన్నూరులోనూ ఎవరికి పని వచ్చో ఎవరికి రాదో ఊరికి తెలుసు. దానికో ముద్ర లేదు, అంతే.

ఇప్పుడు ఈ లేఖ అడిగేవి.

అప్రెంటిస్ చట్టంలోనే ఒక మంచి వాక్యం ఉంది, వాడేవాళ్లు తక్కువ. కొందరు యజమానులు కలిసి, అప్రెంటిసులను ఒకరి దగ్గరి నుంచి మరొకరి దగ్గరికి తిప్పుతూ పని నేర్పవచ్చు అన్నది ఆ వాక్యం. దాన్ని ఆధారం చేసుకుని రాష్ట్రం తన సొంత పథకం రాసుకోవచ్చు. 65 ఐటీఐలను 2,324 కోట్లతో టాటా టెక్నాలజీస్ సహకారంతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్నారు కదా. ఒప్పందం ఆ సెంటరుతోనే ఉండాలి. పిల్లగాడి పేరు, స్టైపెండు, బీమా దాని ఖాతాలో. పని నేర్చుకునేది మాత్రం ఊళ్లోని అయిదారు షెడ్లలో. నాలుగు నెలలు వైండింగు, నాలుగు నెలలు ప్యానెల్ బోర్డులు, నాలుగు నెలలు జిన్నింగు మిల్లు మోటార్లు. వారానికి ఒక రోజు సెంటరులో రోబో చేయి, సీఎన్‌సీ మిషను చూడాలి. రోబో చేయి ఒక్కటే చూసి బయటికొచ్చినవాడికి చెన్నూరులో పని దొరకదు. పానా ఒక్కటే పట్టినవాడికి చెన్నూరు దాటితే దొరకదు.

ఉస్తాదుకు ఇచ్చే సొమ్మును రెండుగా చీల్చండి. సగం నెలనెలా, పాడైన రాగికి, వెల్డింగు రాడ్లకు సరిపోయేలా. మిగతా సగం పిల్లగాడు పరీక్ష పాసై, ఆరు నెలలు ఎక్కడైనా అదే పనిలో నిలబడ్డాక. సొంత దుకాణం పెట్టుకున్నా అది పాసైనట్టే లెక్క. ఎదురుగా దుకాణం తెరిచిన శిష్యుడు ఉస్తాదుకు నష్టంగా కాక రాబడిగా కనబడితే, దాచుకున్న ఆ ఒక్క కిటుకూ బయటికొస్తుంది. ట్రైసెమ్ నేర్పిన పాఠం ఇది. పరిశ్రమల రాయితీల్లా ఈ సొమ్మును ఏళ్ల తరబడి బకాయి పెడితే మాత్రం అసలు మొదలుపెట్టకపోవడమే మేలు. పెద్ద కంపెనీ బకాయిని బ్యాలెన్స్ షీటులో రాసుకుంటుంది. ఉస్తాదు దాన్ని వడ్డీకి తెచ్చుకుంటాడు.

వయసు దగ్గర సడలింపు వద్దు. బడి ఈడు పిల్లలను షెడ్డులో కూర్చోబెట్టడానికి ఈ పథకం ముసుగు కాకూడదు. చట్టం 14 ఏళ్లు అంటోంది, ప్రమాదకరమైన పనులకు 18. ఇక్కడ పది పాసు కావాలని రాష్ట్రం గట్టిగా పెట్టుకోవచ్చు. ఆడపిల్లలనూ లెక్కలోకి తీసుకోండి. ఉచిత బస్సు వచ్చాక మంచిర్యాల దాకా రోజూ వెళ్లిరావడం వాళ్లకే తేలిక. వైండింగుకు కావలసింది బలం కాదు, ఓపికున్న వేళ్లు.

సింగరేణి, జైపూర్ విద్యుత్ కేంద్రం, రామగుండంలో ఎన్‌టీపీసీ, ఎరువుల కర్మాగారం, వాటి కింది కాంట్రాక్టు సంస్థలు: వీటికి కొత్త రాయితీ అక్కర్లేదు, పాత చట్టం చాలు. కాంట్రాక్టు మనుషులను కూడా కలిపి లెక్క తీస్తే ఒక్కో చోట 2.5 శాతం ఎంత అవుతుంది, ఎంతమందిని తీసుకున్నారు, వాళ్లలో ఎంతమంది ఎక్కడ కుదురుకున్నారు అన్నది గేటు దగ్గర బోర్డు మీద రాయించండి. జైపూర్‌లో 1,200 మెగావాట్ల కేంద్రం పక్కన 800 మెగావాట్ల మూడో యూనిట్ రానుంది. బాయిలరు గొట్టాలు అతికే వెల్డరు ఒక్క నెలలో తయారు కాడు. పని మొదలయ్యాక స్థానికులకు అవకాశమివ్వాలని ధర్నా చేసే కంటే, ఇప్పుడే యాభై మందిని ఆ పనికి సిద్ధం చేయడం తేలిక. కాంట్రాక్టు కాగితంలోనే ఆ షరతు రాయించవచ్చు.

షెడ్ల పథకానికి ఢిల్లీ అనుమతి కోసం ఆగనక్కర్లేదు. మార్చాల్సిన నిబంధన ఒకటే ఢిల్లీలో ఉంది, నలుగురి కంటే తక్కువున్న చోట అప్రెంటిస్ కుదరడన్నది. అది మారేలోపు రాష్ట్రం తన డబ్బుతో తన పథకం నడపవచ్చు. ముందు చెన్నూరు, కోటపల్లి, భీమారం, జైపూర్, మందమర్రి మండలాల్లో ఒక్క ఏడాది పెట్టి చూడండి. నియోజకవర్గం మీదే కాబట్టి పక్షపాతం అంటారేమో. పథకం కుదిరితే రాష్ట్రమంతా అడుగుతుంది, కుదరకపోతే నష్టం మన దగ్గరే ఆగుతుంది.

ఈసారి చెన్నూరు వచ్చినప్పుడు అధికారుల సమీక్షకు ముందు ఒక పది నిమిషాలు కాన్వాయిని రోడ్డు పక్కన ఆపించండి. ఏదో ఒక షెడ్డులోకి వెళ్లి, ఇక్కడ ఎంతమంది పనిచేస్తున్నారని ఉస్తాదును అడగండి. తనతో కలిపి ముగ్గురమని చెబుతాడు. చట్టం నలుగురిని అడుగుతోంది.

చెన్నూరు, మంచిర్యాల జిల్లా